"ఇప్పుడెందుకులే" గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇప్పుడెందుకులే గారికి,

ఒడిశాలోని బరంపురం నుంచి నమస్కారాలు. మీరు కులాసాగానే ఉంటారని తెలుసు, ఎందుకంటే ఈ ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లలో మీకు జరిగినంత మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. వీలునామా అనే మాట ఎవరైనా ఎత్తడం ఆలస్యం, వసారాలో ఉన్న మీరు నడింట్లోకి వచ్చి కూర్చుంటారు. "ఇప్పుడెందుకురా, నేనేటి రేపే పోతానా?" అని మా పెద్దనాన్న నోట పలికింది మీరే కదా. డెబ్బై ఆరేళ్ల మనిషి, షుగరు, బీపీ, గుండెలో స్టెంట్లు, డాక్టరు కూడా హామీ ఇవ్వని చోట మీరు హామీ ఇచ్చారు. ఆయన వీలునామా రాయకుండానే పోయాడు. మీ ధైర్యానికి దండం పెట్టాలి.

ఒక్క సంగతి మాత్రం మిమ్మల్నే అడగాలి. పోతేనే డబ్బొచ్చే ఇన్సూరెన్సు పాలసీకి ఏటా ప్రీమియం కట్టడానికి మా పెద్దనాన్న ఎప్పుడూ భయపడలేదు, ఒక్క రోజు లేటు కూడా చేయలేదు. అదే మనిషి వీలునామా అనగానే "అలాంటి అపశకునం మాటలు ఇంట్లో వద్దు" అనేవాడు. అంటే యముడు గారు పాలసీ కాగితం చూసి పోనీలే అని వెళ్లిపోయి, వీలునామా మీద సంతకం కోసం మాత్రం వీధి గుమ్మంలో కాచుకుని ఉంటాడా? ఈ రూలు మీరిద్దరూ కూర్చుని ఎప్పుడు మాట్లాడుకున్నారో చెబితే మేమూ రాసుకుంటాం.

పోనీ చట్టం ఏమన్నా కొండలు మోయమంటుందా అంటే అదీ లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 63వ సెక్షన్ అడిగేది వింటే మీకే నవ్వొస్తుంది. రాసేవాడు సంతకం పెట్టాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఆయన పెట్టడం చూసి, లేదా ఈ సంతకం నాదేనని ఆయన నోటితో చెప్పగా విని, ఆయన ఎదుట వాళ్లూ సంతకాలు చేయాలి. ఇంతే. స్టాంపు పేపరు అక్కర్లేదు, పిల్లల నోటుబుక్కులోంచి చింపిన తెల్లకాగితం చాలు, తెలుగులో రాసినా చాలు. రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదే, రేపు కాగితం పోయినా కాపీ దొరుకుతుంది, కానీ చేయించలేదని చెల్లకుండా పోదు. మనసు మారితే చింపేసి ఇంకోటి రాసుకోవచ్చు, సరిగ్గా రాసినవాటిలో చివరిదే చెల్లుతుంది, ముందుది రిజిస్టరైందైనా సరే. ఇంటికి రంగులేయించడానికి మా పెద్దనాన్న పడిన హైరానాలో పావు వంతు కూడా పట్టదు ఈ పని.

మిమ్మల్ని కాదని రాసేవాళ్లు కూడా ఉన్నారనుకోండి, వాళ్ల దగ్గర సగం పనిలో మీరు దూరతారు. సాక్షులుగా ఎవర్ని పెట్టుకుంటారు? పొద్దున్నే కలిసి వాకింగుకి వెళ్లే సాటి ఎనభై ఏళ్ల స్నేహితుల్ని. "కుర్రాళ్లని తర్వాత చూద్దాంలే" అని మీరే చెప్పి ఉంటారు. తీరా గొడవ కోర్టుకెక్కేసరికి సాక్షులిద్దరూ గోడ మీద దండలేసిన ఫొటోల్లో ఉంటారు. బతికున్న సాక్షి ఒక్కడైనా వచ్చి చెప్పాలని చట్టం అడుగుతుంది, ఎవరూ లేకపోతే చేతిరాత నిరూపించుకుంటూ తిరగాలి. ఇంకో రకం ఉంది, అది మరీ ముచ్చటైనది: మొత్తం ఆస్తి ఎవరికి రాస్తున్నారో ఆ కొడుకే తండ్రిని ఆటో ఎక్కించి తీసుకెళ్లి, దస్తావేజు లేఖరికి డబ్బులిచ్చి, పక్కనే నిలబడి రాయించుకోవడం, మిగతా పిల్లల పేర్లు ఎందుకు లేవో ఒక్క ముక్క కూడా లేకపోవడం. ఇలాంటి అనుమానాలుంటే వాటిని తీర్చాల్సిన బాధ్యత ఆ వీలునామా తెచ్చినవాడిదేనని సుప్రీంకోర్టు 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. ఆ కొడుకులకి ఈ సంగతి ఇప్పటికీ కొత్తే.

మీ శిష్యుల్లో అందరికంటే ఘనుడు "నామినీ ఉన్నాడుగా" గారు. పెద్దనాన్న బ్యాంకు డిపాజిట్‌కి మా పెద్దన్నయ్య నామినీ. కర్మ అయిన మర్నాడు డబ్బు తెచ్చుకుని, "నాన్న నా పేరే రాశాడు కాబట్టి ఇది నాది" అని కూర్చున్నాడు. పాపం అతన్ని అనడానికి లేదు, ఊరంతా అలాగే అనుకుంటోంది. నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతికి డబ్బివ్వాలో చెప్పే పేరు, అంతవరకే. ఆ డబ్బు ఎవరిదో తేల్చేది వీలునామా, అది లేకపోతే వారసత్వ చట్టం. డిపాజిట్ల సంగతి సుప్రీంకోర్టు 2010లో, షేర్ల సంగతి 2023 డిసెంబరులో తేల్చేసింది. (ఇన్సూరెన్సుకి 2015 సవరణ తర్వాత లెక్క కొంచెం వేరు, ఆ గొడవ ఇక్కడ వద్దు.) 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చన్నారు కదా, అంటే ఇకనుంచి "ఇది నాది" అని ఒకరి బదులు నలుగురు కూర్చుంటారు. మీకు శుభవార్తే.

ఇక ఆడపిల్లలు. పదకొండో రోజున మా అక్క ఏడుస్తూ "నాకేమీ వద్దురా, నాన్నే లేకపోయాక" అంది. అన్నయ్యలిద్దరూ ఆ మాటని రిజిస్టర్ డాక్యుమెంటు లెక్క కట్టేసుకున్నారు. ఇంట్లో వాటా వదులుకోవాలంటే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి, కన్నీళ్ల మధ్య అన్న మాట పనికిరాదు. "అప్పట్లో కట్నం ఇచ్చేశాంగా" అన్నది మీరు మా వదినలకి నేర్పిన రెండో పాఠం. కట్నం ఇస్తే వాటా పోతుందని ఏ చట్టంలోనూ లేదు, కట్నం ఇవ్వడమే నేరమని మాత్రం 1961 నుంచి ఉంది. అందరూ 2005 సవరణ, 2020 సుప్రీంకోర్టు తీర్పు అని మాట్లాడతారు, అవి ఉమ్మడి పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని చెప్పినవి. తండ్రి తన సంపాదనతో కట్టుకున్న ఇల్లు వీలునామా లేకుండా వదిలిపోతే కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 నుంచీ ఉంది. డెబ్బై ఏళ్లు కావస్తోంది, మీరు మాత్రం ఆ వార్తని ఇంకా మా వీధిలోకి రానివ్వడం లేదు.

ఇప్పుడు మా ఇంట్లో మీరు చేసిన అసలు అద్భుతం చెబుతాను వినండి. పెద్దనాన్న పోయేనాటికి మా మామ్మ బతికే ఉంది, తొంభై దాటిన మనిషి. హిందూ వారసత్వ చట్టంలో మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు కన్నతల్లి కూడా సమానంగా ఉంటుందని (తండ్రి ఉండడు, అది వేరే సంగతి) మాలో ఒక్కరికీ తట్టలేదు. అంటే ఇంటికి ఐదు వాటాలు: పెద్దమ్మ, అన్నయ్యలిద్దరు, అక్క, మామ్మ. మామ్మ ఏం చేసింది? ఆవిడా మిమ్మల్నే నమ్ముకుని, ఏ కాగితమూ రాయకుండా, మరుసటి ఏడు వెళ్లిపోయింది. ఆవిడ ఐదో వంతు ఆవిడ పిల్లలకి పోతుంది, పోయిన కొడుకు తరఫున అతని పిల్లలకి కలిపి ఒక పాలు. అందువల్ల ఇవాళ మా నాన్నకీ, సోంపేటలో ఉన్న పెద్దమేనత్తకీ, రాయగడలో ఉన్న చిన్నమేనత్తకీ, పెద్దనాన్న ఇటుక ఇటుక పేర్చి కట్టుకున్న ఇంట్లో తలా ఇరవయ్యో వంతు ఉంది. ఎవరూ అడగలేదు, ఎవరికీ అక్కర్లేదు, కానీ ఆ ఇల్లు అమ్మాలంటే కొనేవాడు ఇప్పుడు అందరి సంతకాలూ అడుగుతున్నాడు. "నా ఇల్లు నా భార్యకి" అని పెద్దనాన్న నాలుగు లైన్లు రాసి ఉంటే ఈ ఇరవయ్యో వంతులు పుట్టేవే కావు. రాయగడ మేనత్త మామగారింట్లో మరో ఇద్దరు మరుదులకి ఈ సంగతి తెలిసి, ఆవిడకి రోజూ సలహాలిస్తున్నారట.

సరిహద్దులో ఉన్నామని మా మీద మీకు ప్రత్యేకమైన అభిమానం కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న గంజాం, కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిశాయి, మేమూ కలిశాం, కానీ పొలాలు, తోటలు, చుట్టాలు ఆ పక్కనే ఉండిపోయారు. ఇల్లు బరంపురంలో, కొబ్బరి తోట ఆంధ్ర పక్క ఉద్దానంలో కవిటి దగ్గర. ఈ పక్క తహసీల్దారు, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు), ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు), భూలేఖ్ (ఆ రికార్డుల వెబ్‌సైటు). ఆ పక్క ఇంకో తహసీల్దారు, వీఆర్వో, పట్టాదారు పాసుపుస్తకం. ఈ పక్క ఇచ్చిన లీగల్ హెయిర్ సర్టిఫికెట్ ఒడియాలో ఉంటే ఆ పక్క గుమస్తా తలకిందులుగా పట్టుకుని చూస్తాడు, ఆ పక్క తెలుగు కాగితానికి ఈ పక్క నోటరీ చేసిన తర్జుమా కావాలంటారు. వారసత్వ చట్టం రెండు వైపులా ఒక్కటే, టిఫిన్ టైము మాత్రమే వేరు.

ప్రొబేటు సంగతి అడక్కండి, అడిగారు కాబట్టి చెబుతున్నాను. ప్రొబేటు అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు వేసే ముద్ర. హిందువుల వీలునామాలకి మొన్నటిదాకా అది ఎక్కడ తప్పనిసరిగా ఉండేదంటే, 1870 సెప్టెంబరు 1 నాటికి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ కింద ఉన్న ప్రాంతాలకీ, మద్రాసు, బొంబాయి హైకోర్టుల నగర పరిధికీ. కటక్, పూరీ, బాలాసోర్ అప్పట్లో బెంగాల్ కింద ఉన్నాయి కాబట్టి అక్కడి వీలునామాలకి కావాల్సి వచ్చేది, మా గంజాం మద్రాసు కింద ఉన్నా మద్రాసు నగరం కాదు కాబట్టి మాకు అక్కర్లేకపోయేది. ఒకే రాష్ట్రం, ఒకే హైకోర్టు, కానీ రూలు రాణీగారి కాలం నాటి మ్యాపు చూసి నడిచింది. కటక్‌లో ఫ్లాటు కొన్న బరంపురం మనిషి వీలునామాకి ఇంటి వరకు ప్రొబేటు అక్కర్లేకపోయేది, ఫ్లాటు వరకు కావాల్సి వచ్చేది. ఇన్ని దశాబ్దాలు దీని మీద బరంపురం, కటక్ వకీళ్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని బతికారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ రూలున్న 213వ సెక్షన్‌నే తీసేసింది. మీ అభిమానులు వెంటనే ఏమన్నారో తెలుసా? "చూశావా, ఆగితే చట్టమే మారింది, తొందరపడితే ఏమయ్యేది?"

తోట సంగతికొస్తే అది ఇప్పటికీ మా తాతగారి పేరు మీదే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి చెట్లని కూకటివేళ్లతో పెకలించేసినప్పుడు, పరిహారానికి పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్లు "పాసుపుస్తకంలో ఉన్నాయన్ని పిలవండి" అన్నారు. ఎప్పుడో పోయిన మనిషిని ఎక్కడినుంచి పిలవాలి? తాత వెనక కొడుకులు, కూతుళ్లు, వాళ్ల వెనక మేము, పంచుకోకుండా వదిలేసిన ప్రతి తరానికీ సంతకాలు పెరుగుతున్నాయి, చెట్లు తరుగుతున్నాయి. ఇంతలో పెద్దన్నయ్య ఇంటికి మ్యుటేషన్ చేయించుకుని వచ్చి, రికార్డులో నా పేరెక్కింది కాబట్టి ఇల్లు నాదే అన్నాడు. రికార్డులో పేరు పన్ను ఎవరు కట్టాలో చెబుతుందే గానీ హక్కు పుట్టించదని కోర్టులు ఎన్నిసార్లు చెప్పాయో లెక్కలేదు. ఆ మాట అన్నయ్యకి చెబితే నన్ను తన ఇరవయ్యో వంతు శత్రువుగా చూస్తున్నాడు.

కాబట్టి అయ్యా, విన్నపం ఏమిటంటే, వచ్చే ఆదివారం మా నాన్న వీలునామా రాస్తున్నాడు. తన సొంతానికి పూర్తిగా, పిత్రార్జితంలో తన వాటా వరకు. సాక్షులుగా ఎదురింటి లెక్చరర్ గారినీ, మా వీధి మందుల షాపు కుర్రాణ్ణీ పిలిచాం, ఇద్దరికీ యాభై లోపే, ఇద్దరికీ మా ఆస్తిలో పైసా రాదు. అమ్మ కూడా తన నగలకి విడిగా రాస్తానంది. ఆ పూట మీరు మా ఇంటికి రాకండి. సోంపేటలో మేనత్త ఒంటరిగా ఉంటోంది, మీరంటే ఆవిడకి ప్రాణం, అక్కడికి వెళ్లండి అందామనుకున్నాను గానీ, వద్దు లెండి, ఆవిడ దగ్గరకి సోమవారం నేనే వెళ్తున్నాను.

ఇట్లు,
పెద్దనాన్న ఇంట్లో అడక్కుండానే వాటా తగిలిన తమ్ముడి కొడుకు

తా.క.: ఈ లేఖ కాపీ మా వకీలు గారికి పంపలేదు. మీరు లేకపోతే ఆయన పిల్లల ఫీజులు ఎవరు కడతారని బెంగపెట్టుకుంటారు.