బొడ్డులో మూడు చుక్కలు

వైద్య కళాశాలలన్నిటినీ తక్షణం మూసివేయాలని ప్రభుత్వాన్ని సవినయంగా కోరుతున్నాను. కంటికొక విభాగం, ఎముకలకొక విభాగం, ఇంత ఖర్చు దేనికి? బొడ్డు ఒక్కటి చాలునని మా బంధువర్గమంతా వంతులవారీగా వాట్సాప్‌లో పంపుతున్నారు. మీకూ వచ్చే ఉంటుంది. బొడ్డు వెనుక ‘పెచోటి’ అనే గ్రంథి ఉందట. దానికి 72,000 నరాలు అతుక్కుని ఉన్నాయట. ఏ నరం ఎండిపోయిందో బొడ్డే కనిపెట్టి నూనె పంపుతుందట. చూపు మందగిస్తే కొబ్బరినూనె, మోకాళ్లకు ఆముదం, మొటిమలకు వేపనూనె. పడుకునే ముందు మూడు చుక్కలు. నాలుగో చుక్క పడితే ఏమవుతుందో చెప్పలేదు, దేవరహస్యం కాబోలు.

ఈ పంపిణీ ఎలా జరుగుతుందో ఊహించండి. పెద్దాయన శేషశయనుడి భంగిమలో వెల్లకిలా పడుకుంటారు. ఆవిడ చుక్కలు లెక్కపెట్టి వేస్తారు. లోపల బస్టాండు విచారణ కిటికీ వెనుక పెచోటిగారు కళ్లజోడు సర్దుకుంటారు.

“ఎవరు నువ్వు?”

“ఆముదాన్నండి.”

“ఏ మోకాలికి?”

“వేసినావిడ చెప్పలేదండి.”

“అయితే కుడివైపు పో. తొడ దగ్గర దిగి మారాలి. ఆ వెనక ఎవరు?”

“కొబ్బరినూనెనండి, కంటికి.”

“కంటికి ఆఖరి బండి వెళ్లిపోయింది. వేపనూనెతో కలిసి మొటిమల దాకా వెళ్లు, అక్కడినుంచి నడక.”

తెల్లవారేసరికి ముగ్గురూ దుప్పటి మీద తేలతారు. పద్మనాభుడి నాభిలోంచి పద్మం, అందులోంచి బ్రహ్మ పుట్టుకొచ్చారు. మన నాభిలోంచి ఉతికినా పోని జిడ్డు మరక పుట్టుకొస్తుంది.

శరీరాన్ని కోసి చూసినవారెవరికీ ఇంతవరకూ పెచోటిగారి దర్శనం కాలేదు. బొడ్డు అంటే బొడ్డుతాడు ఊడిన చోట మిగిలిన మచ్చ. కడుపులో ఉన్నప్పుడు ఆ తాడులో ఒక సిర, రెండు ధమనులు ఉండేవి. పుట్టగానే వాటి ఉద్యోగం అయిపోయింది. ఆ సిర మూసుకుపోయి కాలేయం దాకా సాగే బంధనంగా మిగిలింది. ఇక 72,000 అన్నది హఠయోగ గ్రంథాల్లోని నాడుల లెక్క. అవి ప్రాణం సంచరించే దారులు, నూనె గొట్టాలు కావు. ‘నాభిచక్రే కాయవ్యూహజ్ఞానమ్’ అన్నాడు పతంజలి, నాభి మీద మనసు నిలిపితే దేహనిర్మాణం తెలుస్తుందని. మనవాళ్లు అదే నాభిని పట్టుకుని ఉన్న తెలివి కూడా పోగొట్టుకున్నారు. 14వ శతాబ్దంలో గ్రీసులోని ఆథోస్ కొండ మీద క్రైస్తవ సన్యాసులు బొడ్డు వైపు చూపు నిలిపి జపం చేస్తుంటే, బార్లాం అనే పండితుడు వాళ్ల ఆత్మలు బొడ్డులో ఉన్నాయని వెక్కిరించాడు. పాపం, వాళ్లు నూనె మాత్రం పోయలేదు.

“నూనే కదా, నష్టమేముంది?” అంటారు.

నష్టమేముందా? గ్లాకోమా ఉన్న మనిషి డాక్టరు రాసిన చుక్కలు కంట్లో మానేసి బొడ్డులో వేసుకుంటే, పోయిన చూపు మళ్లీ రాదు. పసిగుడ్డుల బొడ్డు మీద పేడా బూడిదా పూసి, ధనుర్వాతానికి బిడ్డల్ని అప్పగించిన దేశం మనది. గర్భిణులకు టీకాలు వేసి, శుభ్రమైన కాన్పులు చేయించి, ఆ పీడ వదిలిందని చెప్పుకోవడానికి 2015 దాకా పట్టింది. బొడ్డు పొడిగా ఉంచండి, ఏమీ పూయకండి అని ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి మొత్తుకుంటుంటే, డిగ్రీలున్న పెద్దమనిషి సోఫాలో కూర్చుని బొడ్డూడని బిడ్డకు ఇంగువ నూనె పూయమని వాట్సాప్‌లో పంపుతాడా! సిగ్గుండక్కరలేదా?

ఉండదు. రేపు పొద్దున్నే శుభోదయం చెప్పి, అరికాలికి ఉల్లిపాయ ముక్క కట్టుకోమంటాడు.