కొలతలు దాచే హక్కెవరిచ్చారు?

గుజరాత్‌లో ఆణంద్, వడోదర జిల్లాలను కలిపే గంభీర వంతెన 2025 జులై 9న పొద్దున్నే తెగి మహిసాగర్ నదిలో పడింది. కనీసం 20 మంది ప్రాణాలు పోయాయి. తెగిన అంచున సగం బయటికి వేలాడుతూ ఆగిపోయిన ట్యాంకరును దేశమంతా చూసింది. 1985లో ప్రారంభమైన ఈ వంతెన ఊగుతోందని చుట్టుపక్కల జనం చాలాకాలంగా మొత్తుకుంటూనే ఉన్నారు. కూలిన మర్నాడే నలుగురు ఇంజినీర్లను సస్పెండ్ చేశారు. అక్కడితో ప్రభుత్వం చేతులు దులిపేసుకున్నట్టే కనిపిస్తోంది.

ఇలాంటి దుర్ఘటన జరిగిన ప్రతిసారీ వినపడే మాట మళ్లీ వినపడుతోంది. వంతెనలకు, బరాజ్‌లకు, పాత భవనాలకు సెన్సర్లు బిగించాలట. బిగించాల్సిందే, అందులో మాకు రెండో అభిప్రాయం లేదు. కానీ ఆ సెన్సర్లు చెప్పేది ఎవరు వింటారు, ఎవరికి చెబుతారు అన్న ప్రశ్నకు ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ జవాబివ్వలేదు. గంభీర వంతెన విషయంలో లోపించింది సమాచారం కాదు. వంతెన మీద రోజూ తిరిగేవాళ్లే ప్రమాదాన్ని పసిగట్టారు. వాళ్ల మాటకు విలువ ఇవ్వని యంత్రాంగం సెన్సర్ మాటకు ఇస్తుందని నమ్మేదెలా?

ఈ పనిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. స్తంభం ఒరుగుతోందా అన్నది టిల్ట్ మీటరు చెబుతుంది. గర్డరు, అంటే వంతెన బరువు మోసే దూలం, ఎంత సాగుతోందో స్ట్రెయిన్ గేజ్, ఎలా కంపిస్తోందో యాక్సెలరోమీటరు పట్టిస్తాయి. వీటికంటే ముందు కాలపు ఇంజినీర్లు పగులుకు అడ్డంగా చిన్న గాజుముక్కను సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాసి వెళ్లేవారు. మళ్లీ వచ్చేసరికి గాజు పగిలి ఉంటే గోడ కదులుతోందని అర్థం. ఆ గాజుముక్కలో ఒక గొప్ప సుగుణం ఉంది. అది పగిలితే ఇంజినీరుకే కాదు, ఆ ఇంట్లో ఉండేవాళ్లకూ కనపడుతుంది. నేటి సెన్సర్ అంకె మాత్రం తీగల గుండా నేరుగా ఏదో కార్యాలయంలోని కంప్యూటరులోకి వెళ్లిపోతుంది. గోడ కింద పడుకునేవాడికి దాని సంగతే తెలియదు.

జోషీమఠ్‌లో జరిగింది ఇదే. 2023 జనవరిలో ఆ హిమాలయ పట్టణంలో 800కు పైగా ఇళ్లు బీటలు వారాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసి, 2022 డిసెంబరు 27 నుంచి జనవరి 8 వరకు, అంటే 12 రోజుల్లో నేల 5.4 సెంటీమీటర్లు కుంగిందని లెక్క తేల్చింది. మన నగరంలోని శాస్త్రవేత్తలు గర్వించదగ్గ పని చేశారు. ఆ నివేదిక అలా బయటికొచ్చిందో లేదో సంస్థ వెబ్‌సైట్ నుంచి మాయమైంది. మీడియాతో మాట్లాడొద్దు, సమాచారం పంచుకోవద్దు అని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ శాస్త్రీయ సంస్థలకు తాఖీదులిచ్చింది. జనం గందరగోళపడుతున్నారట! కాళ్ల కింద నేల కుంగుతుంటే జనానికి గందరగోళం కలిగించింది నేలా, అంకెలా? నిపుణుల సంస్థల నివేదికలు నెలల తరబడి సర్కారు గుప్పిట్లోనే ఉండిపోయాయి. ఎందుకు దాచారని 2023 సెప్టెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు నిలదీశాకే అవి వెలుగు చూశాయి. తన ఇల్లు నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి పౌరుడికి హైకోర్టు తోడు కావలసి రావడం సిగ్గుచేటు.

ఆనాటి తాఖీదులను ఒక్క పట్టణానికి సంబంధించిన వ్యవహారంగా చూడలేం. ప్రజాధనంతో కొలిచిన ప్రమాదాన్ని ప్రజలకే చెప్పకుండా ఆపవచ్చన్న ఆనవాయితీకి అక్కడ అధికారిక ముద్ర పడింది. మమ్మల్ని కలవరపెడుతున్నది అదే.

ఉత్తరాఖండ్ దాకా ఎందుకు, మేడిగడ్డ మన కళ్ల ముందే ఉంది. 2019 జూన్‌లో ప్రారంభించిన బరాజ్ అది. అదే ఏడాది వరదలకు దిగువన పరిచిన సిమెంటు కాంక్రీటు (సీసీ) దిమ్మెలు కొట్టుకుపోయాయి. నాలుగేళ్ల తర్వాత, 2023 అక్టోబరు 21 సాయంత్రం పెద్ద శబ్దంతో బరాజ్ కట్టడంలోని ఏడో బ్లాకు కుంగింది. పునాది కింద ఇసుక కొట్టుకుపోవడాన్ని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ (ఎన్‌డీఎస్‌ఏ) ప్రధాన కారణాల్లో ఒకటిగా చూపింది. ఇసుక ఒక్క రాత్రిలో ఖాళీ అయిపోదు. పునాది కింద నీటి ఒత్తిడి ఎలా మారుతోందో చెప్పడానికే పీజోమీటర్లు ఉన్నాయి. వాటి రీడింగులు ఏవని అడగడం ఏ దర్యాప్తుకైనా మొదటి మెట్టు. ఎన్‌డీఎస్‌ఏ నిపుణులు అడిగారు కూడా. పరికరాల సమాచారం, వానాకాలానికి ముందూ తర్వాతా చేసిన తనిఖీల నివేదికలు తమకు అందలేదని వారు రాసిపెట్టారు. అన్నీ ఇచ్చామంటూ నాటి రాష్ట్ర అధికారులు ఆ నివేదికనే తోసిపుచ్చారు. ఇచ్చి ఉంటే అవి ఎక్కడ? కొద్ది రోజులకే అన్నారం బరాజ్‌లో బుంగలు పడి నీళ్లు ఉబికాయి. అక్కడి రీడింగుల మాటేమిటి?

ఆనకట్టల భద్రతా చట్టం 2021 నుంచి అమల్లో ఉంది. ఆనకట్ట తీరుతెన్నులు గమనించే పరికరాలు ఉండి తీరాలనీ, ఏటా వానలకు ముందూ తర్వాతా తనిఖీ జరగాలనీ ఆ చట్టం చెబుతోంది. కేంద్రం తెచ్చిన చట్టాన్ని అమలు చేయని రాష్ట్రం ఒకటైతే, ఆ చట్టం పేరు చెప్పి రాష్ట్రాన్ని దబాయించి, జోషీమఠ్‌లో మాత్రం శాస్త్రవేత్తల నోళ్లు కట్టేసిన కేంద్రం మరొకటి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు నివేదికలు బయటపెట్టమని ఊరేగింపులు తీసే పార్టీలు గద్దెనెక్కగానే అవే నివేదికలకు తాళాలేస్తున్నాయి. ఈ రెండు నాలుకల ధోరణికి పార్టీ భేదం లేదు.

అంకెలన్నీ జనం ముందు పెడితే భయాందోళనలు పెరుగుతాయని, ఎండకు వంతెన సాగినా సెన్సర్‌లో మార్పు కనిపిస్తుందని, తప్పుడు హెచ్చరికలు వస్తాయని ఇంజినీర్లు అంటారు. ఆ ఇబ్బందులు నిజమే. అందుకే కట్టడం బాగున్నప్పటి నుంచే కొలతలు మొదలవ్వాలి. ఎండాకాలం ఎంత, చలికాలం ఎంత, లారీల రద్దీకి ఎంత అన్న చరిత్ర చేతిలో ఉంటేనే నేటి కదలిక మామూలుదో కాదో తేలుతుంది. మంచిరోజుల అంకెలు ఏళ్ల తరబడి చూసిన జనం చెడ్డరోజు అంకెను చూసి వెర్రెత్తిపోరు. ఏదీ చెప్పకుండా దాచిపెట్టినప్పుడే పుకార్లు పుట్టుకొస్తాయి.

తలచుకుంటే మన దేశంలోనే ఇది సాధ్యమని పాంబన్ చూపింది. 1914 నాటి ఆ పాత రైలు వంతెనకు ఐఐటీ మద్రాసు నిపుణులు సెన్సర్లు అమర్చారు. 2022 డిసెంబరు 23న ఎర్ర హెచ్చరిక వచ్చింది. ఓడల కోసం తెరుచుకునే భాగంలో కంపనాలు హద్దు దాటాయి. రైల్వే అప్పటికప్పుడు రైళ్లు ఆపేసింది. రామేశ్వరం వెళ్లే మన యాత్రికులు మండపం స్టేషన్‌లో దిగి రోడ్డు పట్టారు. కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమయ్యేదాకా ఆ ఇక్కట్లు తప్పలేదు. కానీ ఒక్క ప్రాణమూ పోలేదు. రైళ్లు ఎందుకు ఆపారో రైల్వే దాచనూ లేదు. హెచ్చరిక రావడం, రాకపోకలు ఆగడం, కారణం చెప్పడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. అదే హెచ్చరిక మన రాష్ట్రాల్లోని ఏ రోడ్డు వంతెన నుంచో వస్తే ఏమవుతుంది? కింది ఇంజినీరైన ఏఈ తన పైనున్న డీఈకి, డీఈ తన పైనున్న ఈఈకి రాస్తారు. అక్కడి నుంచి ఫైలు సచివాలయం చేరుతుంది. ఈలోగా బస్సులు తిరుగుతూనే ఉంటాయి.

కాబట్టి సెన్సర్ల కొనుగోలుకు టెండర్లు పిలిచే ముందు రెండు తెలుగు ప్రభుత్వాలూ కొన్ని మాటలకు కట్టుబడాలి. ప్రతి పెద్ద వంతెన, బరాజ్ రీడింగులు ఎవరైనా చూసేలా ఉంచాలి. ప్రమాద హద్దు ఎంతో ముందే ప్రకటించాలి. ఆ హద్దు దాటగానే ఎవరి అనుమతీ అక్కర్లేకుండా రాకపోకలు ఆపే అధికారం ఒక ఇంజినీరుకు ఇచ్చి, ఆ ఇంజినీరు పేరు వంతెన మొదట్లోనే బోర్డు మీద రాయాలి. ఆపినందుకు ఆయన మీద బదిలీ వేటు పడదని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఇవేమీ లేకుండా కొనే పరికరాలు కాంట్రాక్టర్ల బిల్లులకు తప్ప దేనికీ పనికిరావు.

వానాకాలం వస్తే కృష్ణా, గోదావరులకు వరద మొదలవుతుంది. మేడిగడ్డ, అన్నారం, సుందిళ్లలో ఏ పరికరాలు పనిచేస్తున్నాయో, అవి ఏం చెబుతున్నాయో తెలంగాణ ప్రభుత్వం వెంటనే బయటపెట్టాలి. ధవళేశ్వరం, ప్రకాశం బరాజ్‌ల సంగతి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పాలి. చెప్పడానికి రీడింగులే లేకపోతే ఆ ముక్కయినా ఒప్పుకోండి. వంతెన కూలాక నలుగురు కింది ఉద్యోగులను సస్పెండ్ చేసి ముఖం చాటేసే మంత్రులను ప్రజలు చూసీ చూసీ విసిగిపోయారు. ఈసారి ఆ కొలతల కాగితాలు ఎవరి బల్ల మీద ఆగిపోయాయో అడిగి తీరతారు.