అరగంటకోసారి పాడే పాండా గారికి

పిల్లలకి డైపర్ మాన్పించి బాత్రూమ్ అలవాటు చేసే మహారాజశ్రీ పాటీ ట్రెయినింగ్ యాప్ వారికి,

మెహదీపట్నం నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, మా అత్తమ్మ గద్వాల చీర తప్ప. అది నిన్న డ్రైక్లీనింగ్‌కి వెళ్లింది. ఎందుకో తమరికి తెలిసే ఉండాలి. అది పాడైన సమయానికి తమరు మా కారు స్పీకర్లన్నింటిలోనూ పాడుతున్నారు.

మా హైదరాబాద్ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ సంగతి తమరికి తెలియకపోవచ్చు. ఇక్కడ ఎక్కితే ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు గాల్లోనే. మధ్యలో బండి ఆపడానికి వీల్లేదు. చెట్టూ లేదు, పుట్టా లేదు. అత్తమ్మ శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కాలి, మనవడు ఆమె ఒళ్లో ఉన్నాడు. ఇంట్లోంచి బయల్దేరే ముందే వాడిని బాత్రూమ్‌కి తీసుకెళ్లాం, పని కూడా అయింది. దారి చెబుతున్న మ్యాప్ గొంతు నొక్కేసి తమరు అందుకున్నారు: “ఇట్స్ పాటీ టైమ్, బడ్డీ!”

బడ్డీ వెంటనే కానిచ్చేశాడు.

కానిచ్చి, తలెత్తి, “నానమ్మా, స్టార్!” అని చెయ్యి చాచాడు. వాడి తప్పేముంది? పాట వస్తే పోయాలి, పోస్తే నక్షత్రం ఇస్తారు. తమరు నేర్పింది అంతే, వాడు నేర్చుకున్నదీ అంతే.

గంట కొడితే కుక్క నోట్లో నీళ్లూరేలా చేసిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ పేరు తమరిని తయారు చేసినవాళ్లు వినే ఉంటారు. ఆయనకి 1904లో నోబెల్ ఇచ్చారు, అదీ జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకి. తమరు ఇంకాస్త కిందికి దిగారు. కానీ ఆయన దగ్గర ప్రయోగశాల ఉంది. మా దగ్గర సోఫా, పరుపు, పక్క ఫ్లాట్ వాళ్ల తివాచీ ఉన్నాయి.

అసలు నాకు అర్థం కానిది ఒక్కటే. పిల్లాడు నేర్చుకోవాల్సింది వాడి కడుపు చెప్పే మాట వినడం. పొత్తికడుపు బరువెక్కితే ఆ బరువేమిటో గుర్తుపట్టి, పరిగెత్తుకొచ్చి, నోరు తెరిచి చెప్పడం. తమరేమో ఆ కడుపుని నోరు మూయించి, ఆ ఉద్యోగం తమరే తీసుకున్నారు. వాడు ఇప్పుడు లోపల వెతుక్కోవడం మానేసి ఫోన్ వైపు చూస్తున్నాడు. మొన్న బ్యాటరీ అయిపోతే మధ్యాహ్నమంతా బిగబట్టుకుని కూర్చున్నాడు, పాట రాలేదని. ఏం యాప్ నువ్వు?

క్షమించాలి, తమరు.

పోనీ ఆ అరగంట లెక్క ఎక్కడిది? మే నెల ఎండకి ఒంట్లో నీళ్లన్నీ చెమటగా పోతాయి, జనవరి చలికి నిమిషానికోసారి పరుగు. రెండు రోజుల్లోనూ అదే అరగంట. వాడు గ్లాసుడు మజ్జిగ తాగాడా, పుచ్చకాయ తిన్నాడా, తమరు అడగరు. చేరేటప్పుడు అడిగింది పుట్టినరోజు, ఇష్టమైన రంగు. రెండు గంటలు పొడిగా ఉంటున్నాడా, చెప్పింది అర్థం చేసుకుంటున్నాడా, వచ్చినప్పుడు కర్టెన్ వెనక్కి వెళ్లి నక్కుతున్నాడా? పిల్లల డాక్టర్లు చూసే గుర్తులు ఇవి. అవేవీ పాండాకి అక్కర్లేదు. ఆకుపచ్చ కావాలా, నీలమా?

అత్తమ్మ పద్ధతికి ఫోన్ లేదు. “లేవంగనే ఒకసారి, తిన్నాంక ఒకసారి కూసోబెట్టు బిడ్డా” అంటుంది. తిన్న కాసేపటికి పేగులు కదులుతాయని డాక్టర్లూ అదే చెబుతారు. ఆమె చదివి చెప్పలేదు, నలుగురిని పెంచి చెప్పింది. తన కాళ్ల మీద కూర్చోబెట్టుకుని “స్‌స్‌స్” అంటే చాలు. అదీ ఒక శబ్దమే కదా అని తమరు వాదించవచ్చు. ఆమె వాడి మొహం చూసి ఆ శబ్దం చేస్తుంది. పైగా బ్లూటూత్‌లో రాదు.

ఇంకో లెక్క. వాడు మేలుకుని ఉండే 12 గంటల్లో అరగంటకోసారి సీటు మీద కూర్చోబెట్టి తమరు చూపించే 5 నిమిషాల బొమ్మ అంటే రోజుకి 2 గంటలు. 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకి తెర రోజుకి గంట దాటొద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లోనే చెప్పింది. వాడికి సీటు మీద పని లేకపోయినా “సుసూ” అని అరిచి ఫోన్ సంపాదిస్తున్నాడు. బొమ్మ చూసి, లేచి, గోడ పక్కకి పోయి పని కానిస్తున్నాడు.

టాయిలెట్ కాగితం మూడు ముక్కలు చింపాలని పాఠం పెట్టారు. మగ్గు ఊసే లేదు. డైపర్ మాన్పించడానికి వచ్చి, ప్రతి నక్షత్రం తర్వాతా డైపర్ల ప్రకటన వేస్తున్నారు. మా మామయ్య బాత్రూమ్‌లోంచి బయటికొస్తే పిల్లాడు చప్పట్లు కొట్టి “గుడ్ జాబ్, బడ్డీ!” అంటున్నాడు. ఇది మాత్రం, నిజం చెప్పొద్దూ, ఇంట్లో అందరికీ నచ్చింది. మామయ్యకి కూడా. ఆ ఒక్క గొంతు వదిలిపెట్టి వెళ్లండి.

జూన్‌లో ప్లేస్కూల్. ట్రెయినింగ్ అయితేనే తీసుకుంటామన్నారు. అక్కడ ఫోన్ ఉండదు, పాట ఉండదు. ఆ ఆయమ్మ పాండాలా పాడాలని దరఖాస్తు పెట్టుకోమంటావా?

నిన్న రాత్రి క్యాన్సిల్ చేద్దామని కూర్చున్నాను. సెట్టింగ్స్‌లో లేదు, ప్రొఫైల్‌లో లేదు, సహాయంలోకి వెళ్తే పాండా కన్నీళ్లు పెట్టుకుంది. అది చూసి మావాడూ ఏడ్చాడు. ప్రీమియం 399 రూపాయలు సోమవారం కట్ అవుతాయట. ఆ బటన్ ఎక్కడ దాచావో ఆదివారం లోపల చెప్పు. లేదంటే మా అత్తమ్మ తిరిగొస్తోంది, ఆమెతో మాట్లాడుకో.

ఇట్లు,
బడ్డీ వాళ్లమ్మ