పత్తి చేలో మందు కొట్టేవాళ్ళ నాడుల గురించి

ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు వైపు పత్తి చేలకు పురుగుమందు కొట్టే రోజులు వచ్చాయంటే ప్రతి ఊళ్ళోనూ ఒకే మాట వినిపిస్తుంది. చేలోంచి తూలుతూ వచ్చి గట్టు మీద కూలబడిన మనిషితో, "ఏం కాదులేప్పా, ఎండ తగిలింది, మజ్జిగ తాగి రోంతసేపు పండుకో" అంటారు. సేద్యం చేసే ఇంట్లో పుట్టి, ఇక్కడి పిల్లలకే జీవశాస్త్రం చెబుతున్నవాడిగా ఈ మాట మానుకోమని అందరినీ వేడుకుంటున్నాను. చెమట ధారగా కారుతూ, నోటినిండా నీళ్ళూరుతూ, చూపు మసకబారుతూ ఉన్న మనిషికి సోకింది పురుగుమందు విషం కావచ్చు; ఎండ తగిలిందని పడుకోబెడితే, ఆసుపత్రికి చేర్చవలసిన విలువైన సమయం చెట్టు నీడలో గడిచిపోతుంది.

మన ప్రమేయం లేకుండా ఒంట్లో జరిగే పనులన్నింటినీ స్వయంచోదిత నాడీ వ్యవస్థ చూసుకుంటుందని పదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. అందులో సింపథెటిక్ నాడులు గుండె వేగాన్ని పెంచి, కంటిపాపను పెద్దది చేసి ఒంటిని పరుగుకో పోరాటానికో సిద్ధం చేస్తే, పారాసింపథెటిక్ నాడులు గుండెను నెమ్మదింపజేసి, లాలాజలం ఊరించి, పేగులను కదిలిస్తాయి. ఏ నాడీ అదుపు చేయకపోతే గుండె నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. మనం తీరికగా కూర్చున్నప్పుడు అది 70 దగ్గర ఉందంటే, మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం నుంచి బయలుదేరిన వాగస్ అనే పారాసింపథెటిక్ నాడి దాన్ని పట్టి ఉంచుతోందని అర్థం. ఈ పనుల్లో మనిషి పట్టుదలకూ ధైర్యానికీ చోటు లేదు. కంటిపాపను చిన్నది కావద్దని ఎవరూ ఆజ్ఞాపించలేరు.

వాగస్ నాడి గుండెతో ఏ భాషలో మాట్లాడుతుందో 1921లో ఆటో లోవీ ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో తేల్చాడు. ఒక కప్ప గుండెకు వెళ్ళే వాగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండె నెమ్మదించిన తరువాత దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి మరొక కప్ప గుండె మీద పోస్తే, ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. నాడి కొసన ఏదో రసాయనం విడుదలవుతోందని దానితో రుజువైంది. అది అసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది; 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ అసిటైల్‌కోలిన్ తన పని ముగించిన వెంటనే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొట్టేస్తుంది. మన మందు అంగళ్ళలో దొరికే ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు పురుగును చంపేది ఈ ఎంజైమ్‌ను పట్టేసే. పురుగులో ఉన్న ఎంజైమే మనిషిలోనూ ఉంది. అది పనిచేయకపోతే అసిటైల్‌కోలిన్ పేరుకుపోయి, నాడి ఇచ్చిన ఒక్క ఆజ్ఞ ఆగకుండా సాగుతూనే ఉంటుంది.

గట్టు మీద కూలబడిన మనిషిలో కనిపించే ప్రతి లక్షణానికీ మూలం ఇదే. కళ్ళవెంట నీళ్ళు, నోటివెంట చొంగ, వాంతి, కడుపునొప్పి, విరేచనం, తెలియకుండానే మూత్రం పడిపోవడం, ఊపిరి గొట్టాలు ముడుచుకుని లోపల తెమడ నిండడం, ఇవన్నీ పారాసింపథెటిక్ నాడుల పనులు హద్దు దాటడం వల్ల వచ్చేవే. చెమట గ్రంథులకు వెళ్ళేవి సింపథెటిక్ నాడులే అయినా, వాటి కొసన విడుదలయ్యేది కూడా అసిటైల్‌కోలినే కనుక చెమట కూడా విపరీతంగా పడుతుంది. మనవాళ్ళు ఎండ అని పొరబడేది ముఖ్యంగా ఈ చెమటను చూసే. అనుమానం ఉన్నప్పుడు ఆ మనిషిని నీడలోకి తెచ్చి కళ్ళు చూడండి. వెలుతురు తగ్గగానే కంటిపాప పెద్దది కావడం మన ప్రయత్నం లేకుండా జరిగే ప్రతీకార చర్య. మందు సోకినవాళ్ళలో చాలామందికి నీడలో కూడా అది సూదిమొనంత చిన్నగానే ఉండిపోతుంది. తొడల మీద, చేతుల మీద చర్మం కింద కండరాలు అదురుతుంటే ఇక సందేహించవలసిన పనే లేదు. కంటిపాప మామూలుగానే కనబడినా మిగతా లక్షణాలు ఉంటే ఆలస్యం చేయకండి.

నాకు అన్నింటికన్నా బాధ కలిగించే మాట మరొకటి ఉంది. ఏళ్ళ తరబడి మందు కొడుతున్నవాళ్ళు తమ ఒళ్ళు దానికి అలవాటు పడిందని చెబుతారు, దాన్ని ఒక గొప్పగా కూడా భావిస్తారు. వారం వారం కొద్దికొద్దిగా చర్మం గుండా లోపలికి వెళ్ళిన మందు వల్ల లక్షణాలు తగ్గినట్టు అనిపించవచ్చు గాని, లోపల ఎంజైమ్ నిల్వ మాత్రం తరుగుతూనే ఉంటుంది. ఎర్ర రక్తకణాల్లోని కోలినెస్టరేజ్ పూర్తిగా తిరిగి రావాలంటే కొత్త కణాలు పుట్టవలసిందే, దానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అంటే నిన్నటిదాకా తట్టుకున్న మోతాదే ఈ రోజు ప్రాణాంతకం కావచ్చు. చెమటతో తడిసిన చొక్కా వీపుకు అంటుకుని, పంపు ట్యాంకు నుంచి కారిన మందు దానిలో ఇంకుతుంటే ఆ మనిషి రోజంతా విషంలో నానుతున్నట్టే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ పత్తి చేలలో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు; వాళ్ళూ ఆ పనికి కొత్తవాళ్ళు కారు.

మందు మింగిన మనిషికి ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే అలవాటు కూడా పోవాలి. గొంతులో ఏదైనా అడ్డుపడితే దగ్గడం, ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఊపిరి దారి మూసుకోవడం అనే ప్రతీకార చర్యలు స్పృహ తగ్గినవాళ్ళలో మందగిస్తాయి, అప్పుడు వాంతిలోని మందూ దానిలో కలిపిన నూనె ద్రావకమూ నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, తడిసిన బట్టలు తీసేసి, సబ్బునీళ్ళతో ఒళ్ళూ జుట్టూ కడిగి, 108కి ఫోన్ చేయండి. మందు డబ్బాను తప్పకుండా వెంట తీసుకువెళ్ళండి, ఎందుకంటే పురుగుమందులన్నీ ఈ జాతివి కావు, చికిత్స కూడా ఒకటి కాదు.

అసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునే ఆట్రోపిన్ అనే మందు ఉంది. ఊపిరితిత్తుల్లో తేమ తగ్గేదాకా వైద్యులు దాన్ని మళ్ళీ మళ్ళీ ఇస్తారు. అది ఎక్కువైనప్పుడు రోగి గాలిలో దేనినో పీకుతున్నట్టు చేతులు ఆడిస్తూ పొంతన లేకుండా మాట్లాడతాడు. బంధువులు పిచ్చి పట్టిందని బెదిరిపోకుండా వైద్యుడికి చెప్పాలి. ఆట్రోపిన్ గ్రంథులనూ గుండెనూ కాపాడుతుంది కాని, కండరాల మీద దానికి పట్టు లేదు.

డబ్బా మీద విషపు తీవ్రతను చెప్పే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు, విరుగుడు పేరు ముద్రించాలన్న నిబంధన ఉంది. ఆ అక్షరాలు నలభై దాటిన కంటికి ఆనవు, చదువు రాని కూలీకి అసలే పనికిరావు. అంగట్లో మందు అమ్మేవాళ్ళు ఎకరాకు ఎంత మోతాదో నోటితో చెబుతున్నారు, అదే నోటితో చొంగ, చెమట, చిన్నబడిన కంటిపాప సంగతి కూడా చెప్పి తీరాలని నేనంటాను. బడిలో కూడా, వేడి పెనం తాకితే చేయి వెనక్కి లాక్కోవడం దగ్గర ప్రతీకార చర్యల పాఠాన్ని ఆపకుండా, సెలవు రోజుల్లో నాన్నకు నీళ్ళబిందెలు అందించే పిల్లలకు నాన్న కంటిపాపను చూడడం నేర్పాలి.

చివరగా, ఆదోని వైపు నుంచి దాదాపు 100 కిలోమీటర్లు ప్రయాణించి కర్నూలు పెద్దాసుపత్రిలో చేరినవాళ్ళ ఇంటివాళ్ళకు ఒక మాట. రెండో రోజున మనిషి లేచి కూర్చుని మాట్లాడుతున్నాడని, ఖర్చుకు భయపడి, ఇంటికి తీసుకుపోతామని పట్టుబట్టకండి. మొదటి లక్షణాలు తగ్గిన తరువాత, 24 నుంచి 96 గంటల మధ్య, మెడ కండరాలూ ఊపిరి కండరాలూ ఉన్నట్టుండి బలహీనపడే ప్రమాదం ఈ మందులతో ఉంది. దిండు మీద నుంచి తల ఎత్తలేకపోతున్నాడంటే అది నీరసం కాదు, వెంటనే నర్సమ్మను పిలవాలి. ఆ సమయంలో వెంటిలేటర్ అందుబాటులో ఉంటే చాలామంది బతికి బయటపడతారు, బస్సులో ఊరికి తిరిగి వస్తూ ఉంటే ఆ అవకాశం ఉండదు.