పర్మిషన్లు ఆపితే ఇళ్లు వంకలోకి దిగుతాయి

అనంతపురం గ్రూపుల్లో వారం రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. "ఊరు నిండిపోయింది. పల్లెల నుంచి జనం వచ్చి పడుతున్నారు. శివార్లలో ఐదేళ్లు కొత్త ఇళ్లకు పర్మిషన్ ఇవ్వకూడదు. అప్పుడే నీళ్లు సరిపోతాయి, అద్దెలు దిగుతాయి, 2022 లాంటి వరద మళ్లీ రాదు" అన్నది దాని సారాంశం. రాసినవాళ్ల బాధ నిజమే. చెప్పిన మందు మాత్రం జబ్బును పెంచేది.

ముందు వరద సంగతి. 2022 అక్టోబరులో నగరం గుండా పారే వాగు నడిమివంక పొంగినప్పుడు ఎక్కువగా మునిగింది వంకను ఆనుకొని ఉన్న కాలనీలే. మా చిన్నమ్మ ఇల్లు అక్కడే. నీళ్లు తీశాక వెళ్తే బియ్యం మూట ఉబ్బి పిగిలిపోయి ఉంది. పిల్లల పుస్తకాలు మిద్దె మీద ఆరబెట్టుకుంటోంది. గోడకు నడుమెత్తున బురద చార. రెండుసార్లు సున్నం కొట్టించినా, గోడ చెమ్మగిల్లితే ఆ చార ఇప్పటికీ తేలుతుంది. ఆమె అక్కడ కోరి కొనలేదు. పర్మిషన్ ఉన్న లేఅవుట్‌లో సెంటు ధర అందలేదు, వంక పక్కన అందింది, అంతే. రేపు పర్మిషన్లే ఆపేస్తే సరైన స్థలాల రేటు ఇంకా ఎక్కుతుంది. అప్పుడు ఇలాంటివాళ్లు ఎక్కడికి పోతారు? కాగితం లేని ప్లాటు కొంటారు, క్రమబద్ధీకరణ కోసం ఎదురుచూస్తారు. 2020లోనూ అలాంటి పథకం వచ్చింది కదా.

అద్దెలకూ ఇదే జవాబు. ఇళ్లు తక్కువై అడిగేవాళ్లు ఎక్కువైతే అద్దె ఎందుకు దిగుతుంది?

ఇక నీళ్లు. పెన్నహోబిలం రిజర్వాయర్ నీళ్లు నగరానికే కాదు, పల్లెలకూ పైపుల్లో పోతున్నాయి. వేరుశనగ పోయి, పిల్లల చదువు కోసం కూడేరు నుంచో ఉరవకొండ నుంచో వచ్చిన కుటుంబం అక్కడున్నా ఇక్కడున్నా దాహం ఒకటే. వాళ్లను బయటివాళ్లనడం నాకు కష్టంగా ఉంది. మా నాన్న కూడా అలా వచ్చినవాడే.

ఇంకో లెక్క చూడండి. మన ఉమ్మడి జిల్లాలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పడేది 50 వేల లీటర్ల పైమాటే. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున, నలుగురున్న ఇంటికి మూడు నెలల నీళ్లు. అందులో సగమే ఇంకుడు గుంతలోకి దిగినా నెలన్నర. ఇల్లు వద్దనేకంటే గుంత తవ్వందే పర్మిషన్ లేదనండి, నేనూ మీతో వస్తా.

మెసేజ్‌లో ఒప్పుకోవాల్సింది ఒకటుంది. వంకల్లో, చెరువుల్లో ఇళ్లు ఆపాల్సిందే. దానికి కొత్త నిషేధం అక్కర్లేదు. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలని రాష్ట్ర బిల్డింగ్ రూల్స్‌లోనే ఉంది. నడిమివంక పొడుగునా సర్వే చేసి హద్దు రాళ్లు పాతమని అడుగుదాం. ఆ అర్జీ ఎవరు రాసినా మొదటి సంతకం నాదే.