దారి పొడుగునా చుట్టాలే

నల్లగొండ నుంచి శ్రీశైలం 200 కిలోమీటర్లకు లోపే. మా ఊళ్లో మామూలు మనుషులు పొద్దున ఇంత ఉప్మా తిని బండెక్కితే, ఎండ తిరగకముందే పాతాళగంగలో మునిగి గట్టున తల తుడుచుకుంటుంటారు. మా బావ మాత్రం దీన్ని లద్దాఖ్‌కు రిహార్సల్ అన్నాడు. రిహార్సల్‌కు ఎక్సెల్ షీటు కూడా తయారు చేశాడు. అందులో నా పేరు పక్కన 'వెనక సీటు, 68 కిలోలు' అని ఉంది.

షీటు సంగతి చెప్పాలి. గంటంబావుకొకసారి బండి ఆపాలి, పది నిమిషాలు దిగి నడవాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండాలి. బరువైన సామాను కిందికి, బండి నడుముకు దగ్గరగా కట్టాలి. ఎత్తుగా, బాగా వెనక్కి కడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. ఇద్దరెక్కితే వెనక టైరుకు గాలి కొంచెం ఎక్కువ కావాలి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. గొలుసుకు 500 కిలోమీటర్లకొకసారి నూనె. పంక్చర్ కిట్టు, స్పేర్ క్లచ్ వైరు. మన్ననూరు దాటితే అడవి కాబట్టి అంతకుముందే ట్యాంకు ఫుల్. బావది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, పాత బండ్లలా చెవి తిప్పి రిజర్వులో పెట్టుకునే అవకాశం లేదు. చిట్టచివరి గడిలో దోమలపెంట దాటాక వచ్చే ఘాటు మలుపులు. అక్కడ క్లచ్ నొక్కి జారిపోకుండా చిన్న గేరులో దిగాలట. ఆ రోజు ఆ గడి దాకా మేం పోనేలేదు.

ఇందులో ఒక్కటీ తప్పు కాదు. హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని, బుర్రను గాలికి వదిలేసి మోచేతిని మాత్రం భద్రంగా ఇంటికి చేర్చేవాళ్లు మా క్లాక్ టవర్ దగ్గర రోజూ కనిపిస్తారు. అలాంటిచోట బావ లాంటివాడు ఇంటికొకడు ఉండాల్సిందే. నా బాధ వేరు. వెనక కూర్చునేవాడికి కూడా హెల్మెట్ తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతుంది. వెనక కూర్చునేవాడికి మెత్తటి సీటు తప్పనిసరి అని ఏ సెక్షనూ చెప్పదు. ముందు సీటు సోఫా, వెనక సీటు పీట. ఈ బండ్లను డిజైన్ చేసేవాళ్లను ఒక్కసారి ఆ పీట మీద కూర్చోబెట్టి కొండమల్లేపల్లి దాకా తీసుకుపోవాలి. బావ బ్రేకు వేసినప్పుడల్లా నా హెల్మెట్ పోయి ఆయన హెల్మెట్‌కు టక్కున తగిలేది. "గ్యాప్ మెయింటెయిన్ చెయ్" అనేవాడు. నా వెనక బ్యాగు, ముందు బావ. గ్యాపు ఎక్కడిది?

ఇంతకూ మా కొంప ముంచింది షీటులోని పదకొండో రూలు. 'ఇంట్లో ఒకరికి రూటు, టైములు రాసి ఇవ్వాలి. ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టాలి.' ఒంటరి రోడ్ల మీద ఏమైనా అయితే వెతకడానికి దీనికి మించిన జాగ్రత్త లేదు. బావ షీటును ప్రింట్ తీసి మా అమ్మ చేతిలో పెట్టాడు. లొకేషన్‌ను ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని కాగితమంతా చదివింది. "ఏ టైముకు ఏడుంటరో ఎంత మంచిగ రాసినవు అల్లుడా" అని మురిసిపోయింది. మేం నల్లగొండ దాటకముందే ఫోన్ తీసి, కాగితం మీద వేలు పెట్టి, ఊరు తర్వాత ఊరు చుట్టాలకు చెప్పుకుంటూ పోయింది. సంక్రాంతి అయి వారం కూడా కాలేదు. ఎవరింట్లో చూసినా సకినాల డబ్బాలు నిండుగా ఉన్నాయి.

కొండమల్లేపల్లిలో చిన్నమ్మ రోడ్డు మీదే నిలబడి ఉంది. బావకు బ్రేకు వేయక తప్పలేదు. షీటులో అక్కడ పది నిమిషాల 'నడక, నీళ్లు' ఉంది. నడక ఆమె ఇంటి దాకా అయింది. నీళ్లు చాయ్ అయ్యాయి. చాయ్‌తో పాటు వచ్చిన సకినాలు తిన్నంత తినగా, మిగిలినవి రేకు డబ్బాలో పోసి శ్రీశైలంలో తినమని ఇచ్చింది. బరువైనది కిందికి, తేలికైనది పైకి అన్న సూత్రం ప్రకారం డబ్బా పైకి పోవాలి. పైన నేనున్నాను. డబ్బా నా ఒళ్లోకి వచ్చింది.

దేవరకొండలో పెద్దమ్మ ఇల్లు. బావ ఈసారి తెలివిగా ఊళ్లోకి పోకుండా పక్క రోడ్డుకు తిప్పాడు. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. "దారి తప్పినట్టున్నరు, చుక్క అటెటో పోతున్నది" అంది పెద్దమ్మ. లైవ్ లొకేషన్ అంటే ఏమిటో ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు కానీ చాలా బాగా నేర్పారు. "అల్లుడు ఊళ్లకెళ్లి పోతూ గడప తొక్కకపోతే నలుగురు ఏమంటరు?" అంది. ఆ నలుగురి సంగతి బావ షీటులో లేదు.

మేం పోయేసరికి నాటుకోడి రెడీగానే ఉంది, కాకపోతే వాకిట్లో తిరుగుతోంది. దాన్ని పట్టుకోవడానికే అరగంట. అది ఉడికి, జొన్న రొట్టెలు కాలి, మాకు వడ్డించేసరికి షీటు ప్రకారం మేం శ్రీశైలంలో స్నానం చేస్తున్నాం. తిన్నాక బావ లేచాడు కానీ కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్రమత్తులో బండి నడపకూడదు, ఇరవై నిమిషాలు కునుకు తీయాలి అన్నది ఏడో రూలు. ఏడో రూలును అక్షరాలా పాటిస్తూ నులక మంచం మీద వాలాడు. లేచేసరికి నాలుగు. పెద్దమ్మ అప్పటికి అరిసెలు మూట కట్టి ఉంచింది.

డిండిలో మేనమామ. ఆయన మమ్మల్ని చూడకముందే బండిని చూశాడు. "గిదేంది, కచ్చురం లెక్క నింపిండ్రు" అన్నాడు. నవ్వి, దాని మీద పెట్టమని ఒక పల్లికాయ సంచి తెచ్చాడు. అచ్చంపేట వైపు పల్లి బాగా పండుతుంది, ఆ సంగతి సంచి సైజులో తెలుస్తోంది. బావ ముఖం మారిపోయింది. ఇంత బరువు పెరిగాక వెనక టైరు గాలి చూడకుండా కదిలేది లేదన్నాడు. చూద్దామంటే టైరు వేడిగా ఉంది. వేడి టైరులో గాలి లెక్క ఎక్కువ చూపిస్తుంది, సరిగా చూడాలంటే బండి మూడు గంటలు ఆగి ఉండాలి.

"గాలి జూడనీకె మూడు గంటలా?" అని మామ ఒక్కసారి ఆశ్చర్యపోయి, మరుక్షణమే లోపలికి తిరిగి, "ఏమే, డిండి ప్రాజెక్టు చాపలు దెప్పిస్త, మసాలా నూరు. అల్లుడు రాత్రిదాక ఉంటడట" అని కేకేశాడు.

ఇక్కడ బావ తన జీవితంలో మొదటిసారి రాజీ పడ్డాడు. టైరు గోరువెచ్చగా అయ్యాక చూస్తే చాలన్నాడు. చేపల పులుసు మాత్రం రాజీ పడలేదు, అది ఉడికే టైముకే ఉడికింది. బయలుదేరేసరికి ఎనిమిది. చీకట్లో స్పీడు వద్దన్న రూలు ఒకటుంది, దాన్ని తప్పుపట్టలేం, గొర్లూ బర్లూ లైట్లు పెట్టుకుని రోడ్డెక్కవు. నలభై మీద నలభై ఒకటి కాకుండా పోయాం. నా ఒళ్లో డబ్బా, వీపుకు అరిసెల మూట, కాళ్ల సందున పల్లికాయ. చలికి పళ్లు టకటకలాడుతుంటే డబ్బాలో సకినాలు కూడా తాళం వేశాయి.

హాజీపూర్ దాటాం. పెట్రోలు పోయించుకున్నాం. మన్ననూరు చేరేసరికి తొమ్మిదీ పది. గేటు వేసి ఉంది.

అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. బండ్ల కింద జంతువులు పడకుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారి బంద్. ఇది బావకు తెలియక కాదు. షీటులో ఎర్రక్షరాలతో రాసుకున్నాడు. పక్కనే బ్రాకెట్లో 'ఉదయం 11కే దాటుతాం, మనకు వర్తించదు' అని కూడా రాసుకున్నాడు.

బావ హెల్మెట్ తీసి గేటు దగ్గరికి పోయాడు. కాపలా ఆయన మఫ్లర్ చుట్టుకుని చలి కాచుకుంటున్నాడు. పది నిమిషాలే కదా లేటు అని బావ బతిమాలాడు. ఆయన మంట ఎగదోస్తూ, "ఏడికెళ్లి వస్తున్నరు?" అన్నాడు. డిండి నుంచి అన్నాను. డిండిలో ఎవరింటి నుంచి అన్నాడు. మేనమామ పేరు చెప్పాను.

ఆయన లేచి నిలబడ్డాడు. డిండి మామకు ఇచ్చింది ఆయన చిన్నాయన బిడ్డనే! లెక్క చూస్తే నాకు బాపు వరుస. బావకు పిల్లనిచ్చిన మామ వరుస. బావ ముఖం వెలిగిపోయింది. "పొద్దటి నుంచి మనల్ని చంపిన చుట్టరికం ఇప్పుడు పనికొచ్చింది. లేస్తుంది చూడు గేటు" అని నా చెవిలో అన్నాడు.

"ముక్కు మొగం తెల్వనోళ్లనే పంపనిస్తలేను" అన్నాడు ఆయన. "ఇంటల్లుడిని, రాత్రిపూట, పులులున్న అడివిలకు నేనే తోలితినంటే రేపు మా చెల్లె నన్ను ఊకుంటదా? పొద్దుగాల ఆరింటికి గేటు తీస్త. పండనీకె మా ఇల్లున్నది. అన్నం తిన్నరా?"

"తిన్నం, తిన్నం!" అని ఇద్దరం ఒక్క గొంతుతో అరిచాం.

"ఎప్పుడో తిన్నది తిండేనా" అంటూ ఆయన అప్పటికే ఫోన్ తీసి, అల్లుడొచ్చిండు, ఇంత బియ్యం కడుగు అని ఇంటికి చెబుతున్నాడు.