క్షమించడం కూడా స్మరణలో భాగమే

న్యూయార్క్ పోలీసు అధికారి స్టీవెన్ మెక్‌డొనాల్డ్‌ను గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, 2017 జనవరిలో సెయింట్ పాట్రిక్ కెథెడ్రల్‌లో జరిగిన అంత్యక్రియలకు దక్కినంత చోటు ఆయన క్యాథలిక్ విశ్వాసానికి దక్కలేదు. 1986 జూలైలో సెంట్రల్ పార్కులో 15 ఏళ్ల కుర్రవాడు జరిపిన కాల్పుల్లో ఆయనకు మెడ నుండి కింది భాగమంతా చచ్చుబడిపోయింది. అప్పటికి ఆయన వయసు 29, భార్య నిండు గర్భిణి కాకపోయినా తొలి చూలుతో ఉన్నారు. మరుసటి ఏడాది కుమారుడి బాప్తిస్మం రోజున, ఆ కుర్రవాణ్ణి క్షమిస్తున్నానన్న తన సందేశాన్ని ఆయన భార్య చేత చదివించారు. నా దృష్టిలో ఈ కథకు ఆయువుపట్టు అదే.

క్షమ అంటే శిక్ష వద్దనడం కాదని కూడా ఇక్కడ చెప్పాలి. ఆ కుర్రవాడు జైలులో ఉండి, 1995లో విడుదలైన కొద్ది రోజులకే మోటారుసైకిల్ ప్రమాదంలో మరణించాడు. ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగి హింసకు వ్యతిరేకంగా మాట్లాడాలన్న మెక్‌డొనాల్డ్ కోరిక అలాగే మిగిలిపోయింది. అయినా ఆయన, శ్వాసయంత్రం సాయంతో ఊపిరి తీసుకుంటూనే, చక్రాల కుర్చీలో పాఠశాలలకు వెళ్లి విద్యార్థులతో మాట్లాడారు. న్యూయార్క్‌కు చెందిన క్యాథలిక్ గురువు ఫాదర్ మైకల్ జడ్జ్‌తో కలిసి, క్యాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య ఘర్షణలు సాగిన ఉత్తర ఐర్లండ్‌కు వెళ్లి సయోధ్య గురించి చెప్పారు.

మెక్‌డొనాల్డ్ పేరిట చర్చిలో పూజ జరిపించే వాళ్లు, చనిపోయిన అధికారి కోసం మాత్రమే కాక, కాల్చినవాడి ఆత్మ కోసం కూడా ఒక్క మాట ప్రార్థిస్తే అది ఆయన మనసుకు దగ్గరగా ఉంటుందని నాకు అనిపిస్తుంది. కుమారుడు పెద్దవాడై అదే పోలీసు శాఖలో చేరిన సంగతిని కూడా వ్యాసకర్త ప్రస్తావించి ఉంటే బాగుండేది.